మూడు నెలలైనా తగ్గని నొప్పి: డాక్టరుకు ఎలా చెప్పాలి, ఇంట్లో ఎలా నెట్టుకురావాలి

నడుము నొప్పి అని వెళ్తే ఎక్స్‌రే చూసి "ఏం లేదమ్మా, అంతా నార్మల్" అంటారు. ఇంటికొస్తే పని ఎగ్గొట్టడానికి నాటకాలంటారు. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, నొప్పిని చూపించదు. దెబ్బ మానిపోయినా నరాలు మెదడుకు నొప్పి కబురు పంపుతూనే ఉండొచ్చు. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీనికి విడిగా కోడ్ కూడా ఉంది. అంటే మీది నాటకం కాదు, వైద్యం అడిగే హక్కున్న జబ్బు.

ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. "చాలా నొప్పి సార్" అంటే డాక్టరు నొప్పి బిళ్ళ రాసి పంపేస్తారు. పని పేరు పెట్టి చెప్పండి. "బుడ్డల చేన్లో గంటసేపు వంగి కలుపు తీస్తే తర్వాత నిటారుగా నిలబడలేను, బిందె ఎత్తలేను, కింద కూర్చుంటే మంచం కోడు పట్టుకుని లేవాలి, రాత్రి పక్కకు తిరిగితే మెలకువ వస్తుంది." ఇలా చెబితే మీ నొప్పి ఎంతో వాళ్లకు కళ్లకు కడుతుంది. పోటా, మంటా, తిమ్మిరా, కాల్లోకి లాగుతోందా అన్నదీ చెప్పాలి. మంట, తిమ్మిరి, కరెంటు షాకు కొట్టినట్టు ఉంటే అది నరాల నొప్పి కావచ్చు, దానికి మామూలు నొప్పి బిళ్ళలు పెద్దగా పనిచేయవు, గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు వేరే ఉన్నాయి. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్‌కు కూడా వాడతారు, అందుకని ఎవరో "ఇది పిచ్చి మాత్ర" అన్నారని మధ్యలో మానేయకండి.

మీ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలిస్తే అదీ చెప్పండి, మన రాయలసీమ జిల్లాల్లో చాలా ఊళ్లకు ఈ బాధ ఉంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి, దాన్ని వయసు అరుగుదల అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. చికున్‌గున్యా వచ్చి పోయినా చెప్పాలి.

ఇక మందులు. మెడికల్ షాపులో స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి రెండు బిళ్ళలు చేతిలో పెడతారు, చూస్తే పేరున్న ముక్క అక్కడే ఉండిపోయి ఉంటుంది. పేరు కనపడేలా ఇవ్వమనండి, లేదా చీటీ మీద రాయించుకోండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేరు తెలియకుండా పొట్లం కట్టి ఇచ్చే బిళ్ళలతో ఒక్క రోజులో హాయిగా అనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించండి. చాలా రోజులుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, ఆ పొట్లం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

ఇంట్లో అన్నిటికంటే కష్టమైంది పనిని రోజుల మీద సమంగా పంచి చేసుకోవడం. నొప్పి కాస్త తగ్గిన రోజు మిగిలిన పనంతా ఒకేసారి చేసేసి, ఆపైన రెండు రోజులు మంచమెక్కడం మనందరికీ అలవాటు. బాగున్న రోజు కూడా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, బాగాలేని రోజు కూడా పూర్తిగా పడుకోకండి. నిద్ర పట్టక మనసు బాగోకపోతే మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం కారిపోతున్నా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇవేవీ చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

క్యాన్సర్ నొప్పి సంగతి వేరు. "మార్ఫిన్ ఇస్తే అలవాటైపోతుంది" అనే భయంతో మనిషి చివరి నెలలు అరుపులతో గడవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. డాక్టరు చూసి ఇచ్చే మోతాదులో అది అవసరమైన మందు, 2014లో మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించింది కూడా ఇలాంటి మందులు ఆసుపత్రులకు సులువుగా అందాలనే. మందు లేదంటే "ఎక్కడ దొరుకుతుందో రాసివ్వండి" అని అడగండి.

కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులకైనా, కడప రిమ్స్‌కైనా వెళ్లినప్పుడు నొప్పి క్లినిక్ ఏ రోజు ఉంటుందో మత్తు డాక్టర్ల విభాగంలో విచారించండి. అలాంటి క్లినిక్ లేదని చెబితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. ఒక్కరే కాదు, మీ ఊళ్లో నడుము పట్టేసిన వాళ్లందరి సంతకాలతో, వేలిముద్రలతో పెట్టండి, రసీదు నంబరు రాసుకుని మళ్లీ వెళ్లి అడగండి.