లక్నవరం దీవుల్లో జియోకేచింగ్ ఎలా చేయాలి?

ఎవరో ఒక డబ్బా దాస్తారు. అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, అందులోని చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఎక్కడిదక్కడే పెట్టి వస్తారు. జియోకేచింగ్ అంటే ఇంతే. పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌లో చోటు కచ్చితంగా తెలియకుండా కావాలని కలిపే తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆపేసింది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఒక బకెట్ దాచి, చిరునామాగా అంకెలు మాత్రమే ఇచ్చాడు. ఆట అలా మొదలైంది.

వరంగల్ వైపు ఈ ఆటకు ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు మంచి చోటు, కాస్త పెంకి చోటు కూడా. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, గుట్టల మధ్య సందులకు కట్టలు వేసి నీళ్లు నిలబెట్టారు. పల్లం మునిగిపోయి గుట్టల తలలు పైన మిగిలాయి. ఇవాళ మనం దీవులంటున్నవి అవే. అంటే ఇక్కడ దీవి ఎంత ఉండాలో మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు), తూము కలిసి తేలుస్తాయి. దాచేవాళ్లైనా వెతికేవాళ్లైనా ముందు ఈ లెక్క పట్టుకోవాలి.

1. ఇంట్లోనే చేయాల్సిన పని

జియోకేచింగ్ యాప్ వేసుకుని ఖాతా తెరవండి. మ్యాప్‌లో దగ్గరలోని డబ్బాలు చుక్కలుగా కనిపిస్తాయి. మన జిల్లాల్లో చుక్కలు పలుచనే, కాబట్టి నిరాశపడొద్దు. ఒక్కో డబ్బాకు రెండు మార్కులుంటాయి: వెతకడం ఎంత కష్టం, చేరుకోవడం ఎంత కష్టం. రెండూ 1 నుంచి 5 దాకా. చేరుకోవడం దగ్గర 5 ఉందంటే పడవ లాంటి ప్రత్యేక ఏర్పాటు కావాలని అర్థం. అంతకుముందు వెళ్లినవాళ్లు ఏం రాశారో, ముఖ్యంగా ఏ నెలలో రాశారో చూడండి. అడవి దారిలో సిగ్నల్‌ను నమ్ముకోలేం కాబట్టి మ్యాప్‌ను, డబ్బా పేజీని ముందే ఫోన్‌లో దించుకోండి.

అంకెల దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఈ ఆటలో డిగ్రీలు, ఆ తర్వాత దశాంశంతో నిమిషాలు రాస్తారు. 18 డిగ్రీల 09.150 నిమిషాలు అని ఉంటే, అది మామూలు మ్యాప్‌లో 18.1525 అవుతుంది. దాన్ని 18.09150 అని కొట్టారంటే ఆరున్నర కిలోమీటర్లకు పైగా దక్షిణాన తేలతారు. అక్కడ చెరువే ఉండదు!

2. ఎప్పుడు వెళ్లాలి

వానలు తగ్గి చెరువు నిండుగా ఉన్నప్పుడు అందం ఎక్కువ, నడిచే జాగా తక్కువ. ఎండాకాలానికి నీళ్లు పొలాలకు వెళ్లిపోయి ఒడ్డు వెనక్కి జరుగుతుంది, దీవులు లావెక్కుతాయి. ఈత రానివాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు వంతెన మీదుగా చేరే దీవులు చాలు. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఆ దారి పట్టకండి, ట్రాఫిక్‌లోనే తెల్లారిపోతుంది.

3. దీవి మీద వెతకడం

ఫోన్‌లో బాణం గుర్తు తిన్నగా చూపిస్తుంది. దానికి నీళ్లు, కొండ తేడా తెలియదు. 80 మీటర్లే అని చూపినా మధ్యలో చెరువు ఉంటే అది 80 మీటర్లు కాదు. వేలాడే వంతెన ఉన్న చోట వంతెన మీద, లేని చోట టూరిజం వాళ్ల పడవలో లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్లండి. ఎండిన బురద గట్టిగా కనిపిస్తే అడ్డంగా నడిచి వెళ్లాలనిపిస్తుంది, ఆ పని చేయొద్దు. పైపెంకు కింద మోకాలి లోతు ఉండొచ్చు.

అంకెలకు పది మీటర్ల దూరంలోకి రాగానే ఫోన్ జేబులో పెట్టేయండి. చెట్ల కింద జీపీఎస్ అటూ ఇటూ ఊగుతుంది. ఇక కళ్లతోనే పని. సహజంగా పేర్చుకోని రాళ్లు, అక్కడ ఉండక్కర్లేని కట్టెముక్క, చెట్టు మొదట్లో తొర్ర చూడండి. రాయి లేపే ముందు కర్రతో కదిలించాలి. తేళ్లు, పాములు కూడా అలాంటి చోట్లే వెతుక్కుంటాయి.

దొరికాక పేరు, తేదీ రాయండి. పెన్సిల్ తీసుకెళ్లడం మేలు, తేమకు జెల్ పెన్ అలుక్కుపోతుంది. లోపల బొమ్మో నాణెమో ఉండి మీరు తీసుకోవాలనుకుంటే, అంత విలువైనది మరొకటి పెట్టండి.

4. మీరే ఒకటి దాచాలంటే

అసలు రుచి ఇక్కడే. ముందు అనుమతి: దీవి టూరిజం వాళ్ల చేతిలో ఉందా, అటవీ శాఖ కిందికి వస్తుందా కనుక్కుని అడగండి. గుంత తవ్వి పూడ్చడం నిషేధం. మరో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి.

డబ్బా సంగతి గట్టిగా చెప్పాలి. స్టీలు టిఫిన్ డబ్బా వద్దు. ఏళ్ల తరబడి మందుపాతరల భయంలో బతికిన అడవి ఇది. రాళ్ల మధ్య మూతపెట్టిన స్టీలు డబ్బా కనిపిస్తే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది, పోలీసులు రావడమూ ఖాయం. లోపలున్నది కనిపించే, నాలుగు వైపులా క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, ఇది ఆట, ప్రమాదం లేదు అని తెలుగులో పెద్దక్షరాలతో అతికించండి. అక్కడి సిబ్బందికీ చూపించండి. తినే వస్తువేదీ పెట్టకండి. చాక్లెట్ వాసన తగిలితే కోతులు మూత తీయడం మనకంటే బాగా నేర్చుకుంటాయి. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే, చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఒకటి లోపల వేస్తే పుస్తకం చెమ్మగిల్లదు.

ఎంత ఎత్తులో దాచాలి? ఒడ్డున బండల మీద నీళ్లు నిలిచిన చార తెల్లగా కనిపిస్తుంది. నిండు చెరువు మట్టం దాదాపు అదే, మత్తడి ఎత్తుతో సరిపోతుంది. అక్కడితో ఆగకండి. 2023 జులైలో ఇదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి రోజున మత్తడి దూకుతున్నా నీళ్లు చార దాటి పైకొస్తాయి. చారకు మనిషెత్తు పైన, ఏటవాలు తక్కువగా ఉన్న చోటు వెతకండి. అంకెలు ఒక్కసారి చూసి రాసేయకుండా, కాసేపు తిరిగి మళ్లీ వచ్చి రెండు మూడుసార్లు తీసుకుని సగటు కట్టండి.

యాప్‌లో మీ డబ్బా పేజీలో నీటి సంగతి విడిగా రాయాలి. వంతెన మీదుగా వెళ్లొచ్చా, పడవ తప్పనిసరా, పడవలు ఏ వేళకు ఆగుతాయి అన్నవి డబ్బా ఎక్కడుందో చెప్పే సూచన కన్నా ముఖ్యం. గోదావరిలో బ్యారేజీల కింద తేలే ఇసుక దిబ్బల మీద మాత్రం ఎప్పుడూ దాచకండి. ఎగువన గేట్లు ఎత్తితే దిబ్బ మీద ఉన్నవాళ్లకు తప్పుకునే వ్యవధి ఉండదు.

5. దాచాక

డబ్బా పెట్టినవాళ్లదే దాని బాధ్యత. అందుకే సెలవులకు వచ్చి దాచి వెళ్లిపోతామంటే ఆట నడిపేవాళ్లు ఒప్పుకోరు. హనుమకొండలోనో ములుగులోనో ఉండి అప్పుడప్పుడు వెళ్లి చూడగలిగినవాళ్లకే ఇది కుదురుతుంది. చెరువు మత్తడి పోస్తోందని తెలిసిన రోజే పేజీని తాత్కాలికంగా నిలిపేయండి. నీళ్లు తగ్గాక మీరే ముందు వెళ్లి, పుస్తకం తడిసిందేమో చూసి, మార్చాల్సింది మార్చి అప్పుడు మళ్లీ తెరవండి.