గుడ్డు సొనలో కొలెస్ట్రాల్‌ని ఎంజైమ్ సెన్సర్‌తో కొలవడం

సెన్సర్ కంటే ముందు శాంపిల్ సంగతి చూడండి, ఎందుకంటే చాలా తప్పులు జరిగేది అక్కడే. పచ్చసొనను ఆల్కహాల్‌లో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేస్తే కొవ్వు సబ్బుగా మారి, కొవ్వు ఆమ్లాలతో ముడిపడి ఉన్న కొలెస్ట్రాల్ కూడా విడిపోతుంది. చల్లారాక నీళ్లు, హెక్సేన్ (నీళ్లలో కలవని, తేలిగ్గా అంటుకునే ద్రావణి) పోసి కుదిపితే కొలెస్ట్రాల్ పైన తేలే హెక్సేన్ పొరలోకి వచ్చేస్తుంది. ఆ పొరను బాగా కడగండి, సబ్బూ క్షారమూ మిగిలితే సెన్సర్ మీది ఎంజైమ్ పాడవుతుంది. హెక్సేన్‌ని ఫ్యూమ్‌హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ గూడు) ఆవిరి చేయండి, మంట దగ్గర అస్సలు వద్దు. అడుగున మిగిలినదాన్ని కాస్త ఐసోప్రొపనాల్, ట్రైటాన్ ఎక్స్-100 (ఒక డిటర్జెంట్)తో కరిగించి పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌తో (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) పలచన చేయాలి. ద్రావణం తెల్లగా మసకబారిందా, ఇక ఆ రీడింగ్‌ని నమ్మకండి.

ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద కొలెస్ట్రాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని గ్లుటరాల్డిహైడ్‌తో అతికించండి (ప్రొటీన్లను ఒకదానికొకటి అతికించే ఈ రసాయనం ఎక్కువైతే ఎంజైమ్ పనిచేయదు). ఈ ఎంజైమ్ కొలెస్ట్రాల్‌ని ఆక్సీకరించినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, మనం నిజానికి కొలిచేది దాన్నే. సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో (వోల్టేజీని పోల్చి చూసే స్థిరమైన ఎలక్ట్రోడ్) పోలిస్తే 0.6–0.7 వోల్టులు ప్లాటినం ఎలక్ట్రోడ్‌కి పెట్టి, కరెంట్ నిలకడకు వచ్చాకే శాంపిల్ వేయండి. ఆ వోల్టేజీలో విటమిన్ సి లాంటివి కూడా కరెంట్ ఇస్తాయి కాబట్టి ఎంజైమ్ లేని ఇంకో ఎలక్ట్రోడ్ రీడింగ్‌ని తీసివేయాలి. తర్వాత అదే శాంపిల్‌కి తెలిసిన మోతాదులో కొలెస్ట్రాల్ కలుపుతూ, కరెంట్ ఎంత పెరిగిందో చూసి లెక్క కట్టండి.