కాళ్ల మీద మరొకరి బరువు పడనివ్వకండి: వేసవి కరాటే శిబిరాలకు ముందు జాగ్రత్తలు

పదిహేను రోజుల క్రితం మా ఊరి శిక్షణ శిబిరంలో పద్నాలుగేళ్ల అబ్బాయి, కాళ్లు రెండూ చెరోవైపు పూర్తిగా చాపి నేలకు ఆనించే స్ప్లిట్స్‌కు కూర్చున్నాడు. ఇంకా జానెడు ఎత్తు మిగిలి ఉందని ఒక సీనియర్ వెనుక నుంచి అతని భుజాలు పట్టి కిందికి నొక్కాడు. టప్పుమన్న శబ్దం పక్కనున్న పిల్లలకు కూడా వినిపించింది. కండరం పట్టేసిందనుకుని ఇంట్లో మూడు రోజులు నూనె రాసి కాపడం పెట్టారు. నాలుగో రోజు ఎక్స్‌రే తీయిస్తే, కూర్చున్నప్పుడు నేలకు ఆనే కటి ఎముక అంచు, తొడ వెనుక కండరాలు అతుక్కుని ఉండే చోట, ముక్కగా ఊడి వచ్చిందని తేలింది.

ఎదిగే వయసులో ఆ అంచు అసలు ఎముకతో ఇంకా పూర్తిగా కలిసిపోయి ఉండదు కాబట్టి, పిల్లల్లో ఒక్కసారిగా బరువు పడితే కండరం కంటే ముందు ఎముకే ఊడిపోవచ్చు. పెద్దల్లో అదే నొక్కుడుకు కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనం తెగుతుంది. నేను నేర్పుతున్న పద్దెనిమిదేళ్లలో సాధన మానేయవలసి వచ్చినవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమందిని దెబ్బతీసింది కుమితే, అంటే ఇద్దరు తలపడే పోరు కాదు, సాయం చేస్తున్నామనుకుని ఇంకొకరు వేసిన బరువు.

కాలు ఎందుకు ఆగుతోందో మీకు మీరే గమనించుకోవాలి. తొడ వెనుక మధ్యభాగంలో లాగుతున్నట్టు ఉంటే అది కండరం బిగువు. నెలల తరబడి ఓపికగా చేస్తే అది సడలుతుంది. గజ్జలో ముందువైపు గుచ్చినట్టో, ఏదో అడ్డు తగిలినట్టో ఉంటే అక్కడ ఎముకకు ఎముక తగులుతూ ఉండవచ్చు. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక మెడ వంపు మనిషికీ మనిషికీ వేరుగా ఉంటాయి, ఎంత సాధన చేసినా అవి మారవు. పక్కలకు కాళ్లు చాపేటప్పుడు నడుము గుండ్రంగా వంచకుండా కటిని కొద్దిగా ముందుకు వాల్చి, కాలివేళ్లను పైకి తిప్పితే కొందరికి ఆ అడ్డు తొలగుతుంది. తొలగకపోతే మీ హద్దు అదే. ఇక పిరుదు నుంచి పిక్క వరకు తిమ్మిరిగానో, కరెంటు పాకినట్టుగానో ఉంటే అది నరం నొప్పి. వైద్యుడు చూసే వరకు ముందుకు వంగే ఆసనాలేవీ చేయకూడదు. ఈ మూడింటిలో మీది ఏదో మీ వెనుక నిలబడి నొక్కే వ్యక్తికి తెలిసే మార్గం లేదు. అందుకే ఎవరినీ నొక్కనివ్వకండి, ఎంత నమ్మకమైన మాస్టర్‌నైనా సరే.

కాలు సాగడానికి ఇతరుల బరువు అవసరం లేదు. సాధనకు ముందు పది నిమిషాలు నడిచి, కాళ్లను అదుపులో ఉంచుకుని ముందుకూ పక్కలకూ ఊపితే చాలు. సాధనకు ముందే కదలకుండా ఎక్కువసేపు సాగదీసి ఉంచితే తన్నులో బలం కాసేపు తగ్గుతుంది. సాధన ముగిశాక, ఒంట్లో వేడి ఉన్నప్పుడు, ఒక్కో భంగిమను 30 సెకన్ల చొప్పున రెండు మూడు సార్లు, వారానికి కనీసం రెండు మూడు రోజులు పట్టి ఉంచాలి. మడమను నేలకేసి 5 సెకన్లు మీ బలంతోనే అదిమి వదిలితే, మరికొంచెం కిందికి దిగగలుగుతారు.

చేత్తో పట్టుకుంటే ఛాతీ దాకా వచ్చే కాలు, చేయి వదిలితే నడుము దగ్గరే ఆగిపోతోందంటే మీకు కావలసింది సాగదీత కాదు, బలం. గోడ పట్టుకుని కాలు నెమ్మదిగా ఎత్తి దించండి. కుమితే పోటీల్లో తలకు తగిలే తన్నుకు 3, ఒంటికి తగిలే తన్నుకు 2 పాయింట్లు ఉండటంతో అందరూ ఎత్తు కోసమే తాపత్రయపడతారు. పోటీలకు వెళ్లని నలభై ఏళ్ల సాధకుడికి నడుము ఎత్తు తన్ను సరిపోతుంది.

పక్క నుంచి గుండ్రంగా తిప్పి తన్నే మవాషి గేరిలో నేల మీది పాదం మడమను తప్పక తిప్పండి, లేకపోతే మెలిక మోకాటి మీద పడుతుంది. నిద్ర లేచిన మొదటి గంటలో ముందుకు వంగకండి, రాత్రి నీరు పీల్చుకున్న వెన్ను డిస్కులు అప్పుడు బిగువుగా ఉంటాయి. నొప్పి మాత్ర వేసుకుని సాగదీయకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు స్నాయుబంధనాలను బలహీనపరచగలవు. అమెరికా ఔషధ సంస్థ 2008లోనే వాటిపై తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. అవి వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత కొన్ని నెలల పాటు గెంతులూ స్ప్లిట్సూ వద్దు. చక్కెర వ్యాధి ఉన్నవారు సాధన ముగిశాక అరికాళ్లు చూసుకోండి. ఎముకలు గుల్లబారినవారు వీపు గుండ్రంగా వంచకండి. తుంటి మార్పిడి చేయించుకున్నవారు వైద్యుడు చెప్పిన హద్దులను మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. పక్కవారితో పందెం వేయకండి. బెల్టు టెస్టుకు వారం ముందు కొత్త భంగిమ మొదలుపెట్టకండి. ఎవరినీ నొక్కకండి, ఎవరిచేతా నొక్కించుకోకండి.

టప్పుమని వినిపిస్తే అక్కడే ఆపండి. మొదటి రెండు రోజులు మర్దన చేయకండి, కాపడం పెట్టకండి, ఐసు పెట్టండి. ఎక్స్‌రే తీయించకుండా పసరు కట్టు కట్టించకండి. తొడ వెనుక నల్లగా కమిలినా, అడుగు వేయలేకపోయినా అదే రోజు ఎముకల వైద్యుడి దగ్గరికి వెళ్లండి, పూర్తిగా తెగిన స్నాయుబంధనాన్ని ఆలస్యమైన కొద్దీ కుట్టడం కష్టమవుతుంది. తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందే, స్ప్లిట్స్ చేయించేటప్పుడు పిల్లలను నొక్కుతారా అని నేరుగా అడగండి. అవునన్నా, కొద్దిగానే అన్నా, పిల్లవాణ్ణి తీసుకుని ఇంటికి వచ్చేయండి.