పంచాంగంలో ఘడియల్ని గంటల్లోకి మార్చుకోవడం ఎలా

పాత పద్ధతి పంచాంగం తెరిస్తే తిథి పక్కన 15-30 అని ఉంటుంది, చాలామంది దాన్ని మధ్యాహ్నం మూడున్నర అనేసుకుంటారు, కాదండి బాబూ, అది 15 ఘడియల 30 విఘడియలు. రోజుకి 60 ఘడియలు, అంటే ఒక్కోటి 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు అంతే.

లెక్క ఈజీనే, ఐదు ఘడియలకి రెండు గంటలు అని గుర్తుపెట్టుకోండి చాలు. 15 ఘడియలంటే 6 గంటలు, 30 విఘడియలంటే 12 నిమిషాలు, ఇప్పుడు దీన్ని సూర్యోదయానికి కలపాలి, అర్ధరాత్రి 12కి కాదు, అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఆ రోజు సూర్యోదయం 6.10 అయితే ఆ తిథి మధ్యాహ్నం 12.22 దాకా ఉన్నట్టు. సూర్యోదయం మాత్రం మీ ఊరిదే చూస్కోండి.

అసలీ మాట సంస్కృతం ఘటిక నుంచి వచ్చింది, అడుగున సన్న చిల్లు ఉన్న చిన్న రాగి గిన్నెని నీళ్ల మీద వదిలితే మెల్లగా నిండి మునిగిపోతుంది కదా, ఆ మునిగే టైమే ఒక ఘడియ. గడియారం కూడా ఇందులోంచి పుట్టిందే.

వాడుకలో గడియ అని కూడా రాస్తారు, తప్పేం లేదు, కాకపోతే తలుపు గడియ వేరు. రెండు ఘడియలు ఒక ముహూర్తం, ఏడున్నర అయితే జాము. "గడియ తీరిక లేదు, గవ్వ ఆదాయం లేదు" అన్నప్పుడు మాత్రం 24 నిమిషాలు లెక్కేయకండి, అక్కడ కాసేపు అనే అర్థం.