పేరు ముందు 'మాజీ' ఎప్పుడు పెట్టాలి

పదవి నుంచి దిగిపోయినవాళ్లను మాజీ అంటాం, ఉర్దూ నుంచి వచ్చిన ఈ మాటకు అక్కడ గతం అని అర్థం. అంతవరకు అందరికీ తెలిసిందే, తేడా వచ్చేది రాసేటప్పుడే.

ముందు ఆ మనిషి పదవి దిగారా, పదవిలో ఉండగానే పోయారా చూసుకోండి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయే నాటికి ముఖ్యమంత్రే, కాబట్టి దివంగత ముఖ్యమంత్రి అనడమే సరి. పి.వి. నరసింహారావు 1996లో ప్రధాని పదవి దిగి, 2004లో కన్నుమూశారు, ఆయనకు మాజీ ప్రధాని అనొచ్చు, దివంగత మాజీ ప్రధాని అనీ అనొచ్చు.

ఎక్కువమంది పప్పులో కాలేసేది కాలం దగ్గర. "1983లో మాజీ ముఖ్యమంత్రి ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చారు" అని రాస్తే, పదవిలో లేనాయన పథకమెలా తెచ్చారు? అక్కడ 'అప్పటి ముఖ్యమంత్రి' అని పడాలి. పత్రికల్లో కూడా ఇది కనిపిస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే రేపు చరిత్ర చదివే పిల్లలు ఆ వాక్యాన్నే నమ్ముతారు. అలాగే మళ్లీ గెలిస్తే మాజీ తీసేయాలి: 2019లో ఓడి మాజీ అయిన చంద్రబాబు 2024 జూన్ 12న ప్రమాణం చేశాక మళ్లీ ముఖ్యమంత్రే.

తాజా మాజీ అంటే ఈమధ్యే పదవి పోయినవాళ్లు. 2018 సెప్టెంబర్ 6న తెలంగాణ అసెంబ్లీ రద్దవగానే ఎమ్మెల్యేలంతా తాజా మాజీలయ్యారు, కేసీఆర్ మాత్రం ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా కొనసాగారు కాబట్టి అప్పటి సంగతి రాసేటప్పుడు ఆయనకు మాజీ ముఖ్యమంత్రి అనకూడదు.

రాష్ట్రం పేరు ముందు, మాజీ తర్వాత: 'ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి'. ఉద్యోగం చేసి దిగినవాళ్లకైతే రిటైర్డ్ లేదా విశ్రాంత అనండి, సైనికులకు మాత్రం మాజీ సైనికులు అనే వాడుక స్థిరపడిపోయింది.

ఊళ్లో ఎదురుపడితే మాజీ అని పిలవకండి. పదవి పోయి ఎన్నేళ్లయినా "సర్పంచ్ గారూ, బాగున్నారా" అనే పలకరిస్తారు, అదే మర్యాద. ఫ్లెక్సీ మీద, శిలాఫలకం మీద మాత్రం మాజీ సర్పంచ్ అనే వేయించండి, లేకపోతే ఇప్పుడున్న సర్పంచ్‌తో పేచీ వస్తుంది.