శ్రీలంక కొండల్లో సైకిల్ యాత్రకు ప్రణాళిక వేసుకోవడం ఎలా?

కృష్ణా డెల్టాలో సైకిల్ తొక్కేవారికి దూరమంటే కిలోమీటర్ల లెక్కే. తెల్లవారుజామున విజయవాడలో బయలుదేరి బందరు కాలువ వెంట సాగితే, ఎండ ముదరకముందే యాభై అరవై కిలోమీటర్లు పెద్ద శ్రమ లేకుండా పూర్తవుతాయి. అదే లెక్కను శ్రీలంక నడిమి కొండలకు వర్తింపజేస్తే రెండో రోజుకే ప్రణాళిక తారుమారవుతుంది. అక్కడ ముందుగా తేల్చుకోవలసినవి రెండు: రోజుకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతాము, వాన ఏ నెలలో, ఏ వేళకు వస్తుంది. సైకిలు, సామాను, బస, ఖర్చు ఈ రెండింటిని బట్టే నిర్ణయమవుతాయి.

1. ముందు నెల, తరువాత దారి

శ్రీలంక చిన్న దేశమే అయినా, దాని మధ్యనున్న పర్వత ప్రాంతం వానను రెండుగా పంచుతుంది. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు పడమటి వాలులను, అంటే హట్టన్, నువర ఎలియ వైపును తడుపుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల తూర్పు వాలులపై, అంటే బదుళ్ల, ఎల్ల వైపు వానలు కురుస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు వైపులా భారీ వర్షాలు పడతాయి. కొండచరియలు విరిగిపడే ప్రమాదం కూడా అప్పుడు ఎక్కువే. బదుళ్ల జిల్లాలోని మీరియబెద్ద తేయాకు తోటలో కార్మికుల నివాసాలను మట్టి కప్పివేసిన ఘోరం 2014 అక్టోబరు చివరలో జరిగింది. ఆ రెండు నెలలను పూర్తిగా వదిలివేయాలని నా గట్టి సలహా.

రెండు వైపులా తిరగాలనుకుంటే ఫిబ్రవరి రెండో సగం, మార్చి నెల అనువైనవి. సంక్రాంతి సెలవుల్లోనే వీలవుతుందనుకునేవారు క్యాండీ, నువర ఎలియ, హట్టన్ ప్రాంతాలకు పరిమితమై, ఎల్లను మరోసారికి వాయిదా వేసుకోవడం మంచిది. వేసవి సెలవుల చివరలో, అంటే జూన్‌లో వెళ్లేవారు అందుకు విరుద్ధంగా తూర్పు వైపే ఎంచుకోవాలి. ఏప్రిల్ మధ్యలో సింహళ, తమిళ నూతన సంవత్సరం వస్తుంది; ఆ రోజుల్లో నువర ఎలియలో గదులు దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. ప్రతి పౌర్ణమి కూడా అక్కడ సెలవు దినమే కనుక, పంచాంగం చూసుకుని ఆ రోజుకు బస ముందే ఖాయం చేసుకోవాలి.

2. దారిని ఎత్తుతో కొలవండి

క్యాండీ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది, నువర ఎలియ దాదాపు 1,870 మీటర్ల ఎత్తున ఉంటుంది. రెండింటి మధ్య రోడ్డు దూరం సుమారు 75 కిలోమీటర్లే కనుక ఒక్క రోజు పనిగా కనిపిస్తుంది. కానీ సామానుతో ఉన్న సైకిలు మీద సాధారణ శక్తి గల మనిషి గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కితే అది మంచి వేగమే. మధ్యలో వచ్చే చిన్న చిన్న దిగుడులను, మళ్లీ ఎక్కుడులను కలుపుకుంటే, ఎక్కడానికే ఐదారు గంటలు పడుతుంది. అందుకే దీనిని రెండు రోజులుగా విడగొట్టి, పుస్సెల్లావలో గాని రంబొడలో గాని రాత్రి ఆగాలి. రోజుకు 1,000 మీటర్ల ఎత్తు, 50 కిలోమీటర్ల దూరం. ఈ రెండింటిలో ఏది ముందు నిండితే అక్కడితో ఆ రోజు ముగిసేలా దారిని భాగించండి.

నువర ఎలియ నుంచి తూర్పుకు తిరిగే రోడ్డు మనవారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. సీత ఎలియలో రోడ్డు పక్కనే సీతమ్మ కోవెల, ఆపై హక్‌గల వృక్షోద్యానం, అక్కడి నుంచి వెలిమడ మీదుగా బండారవేల, హపుతలె వస్తాయి. హపుతలెలో ఒక రోజు విరామం తీసుకుని, సామాను గదిలోనే ఉంచి, ఖాళీ సైకిలుతో దంబతెన్న తోటల మీదుగా లిప్టన్ సీటు అనే కొండ మీది వ్యూ పాయింట్‌కు ఎక్కి రావడం ఈ యాత్ర మొత్తంలో నేను వదులుకోవద్దని చెప్పే భాగం. చివరగా ఎల్ల నుంచి రావణ జలపాతం పక్కగా వెల్లవాయకు దిగే రోడ్డు ముప్పై కిలోమీటర్ల లోపే దాదాపు 800 మీటర్లు కిందికి దింపుతుంది.

మ్యాపును ఫోనులో ముందే దింపుకుని, ఎత్తుపల్లాల గీతను తప్పక చూడండి. సగటు వాలును నమ్మకండి. ఐదు శాతం సగటున్న దారిలోనే పన్నెండు శాతం ముక్కలు దాగి ఉంటాయి. తేయాకు తోటల లోపలి రోడ్లు అందమైనవే గాని అవి చాలావరకు తోటల యాజమాన్యాలవి. గేటు వద్ద అడిగి అనుమతి తీసుకోవాలి. మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగే పెకో ట్రెయిల్ నడిచేవారి కోసం ఏర్పడిన బాట కనుక, దాన్ని మొత్తంగా సైకిలు దారిగా భావించరాదు. కొండలు దిగాక బుట్టల నుంచి కతరగమకు వెళ్లే అడవి రోడ్డును మాత్రం మానుకోవాలి. అక్కడ ఏనుగులు రోడ్డు మీద నిలబడి వాహనాలను ఆపుతాయి, సైకిలు మీద ఉన్నవారికి తప్పించుకునే వీలు ఉండదు.

3. సైకిలు, సామాను

మీ సైకిలు కొండకు పనికివస్తుందో లేదో తెలుసుకునే పరీక్ష సులభమైనది. ముందున్న అతి చిన్న చక్రం పళ్ల సంఖ్య, వెనుక ఉన్న అతి పెద్ద చక్రం పళ్ల సంఖ్య కంటే తక్కువగా ఉండాలి. ముందు 32, వెనుక 46 ఉంటే హాయిగా ఎక్కవచ్చు. రెండూ సమానంగా ఉంటే కష్టంతో సరిపోతుంది, ముందుదే పెద్దదైతే క్యాసెట్‌ను, అంటే వెనుక పళ్ల చక్రాల కట్టను మార్పించుకోవాలి. టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

డిస్క్ బ్రేకులుంటే మేలు. తడి రోడ్డు మీది ఇసుక, బురద కలిసి బ్రేక్ ప్యాడ్లను అనూహ్యమైన వేగంతో అరగదీస్తాయి కనుక రెండు చక్రాలకూ సరిపడా కొత్త ప్యాడ్లు వెంట ఉంచుకోవాలి. దిగేటప్పుడు బ్రేకును అదే పనిగా నొక్కి పట్టుకుంటే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వేగం తగ్గగానే వదిలివేయాలి.

గుడారం, వంట సామాను తీసుకువెళ్లవద్దు. ప్రతి ఊరిలో గెస్ట్ హౌసులు ఉన్న దేశంలో మూడు కిలోల బరువును కొండ మీదికి మోయడంలో అర్థం లేదు. హ్యాండిల్ బార్‌కు కట్టే సంచిలో బట్టలు, ఫ్రేమ్ బ్యాగులో పనిముట్లు, నీరు వంటి బరువైనవి, సీటు వెనుక బ్యాగులో వాన జాకెట్, ఉన్ని చొక్కా ఉంటే చాలు. మొత్తం ఏడెనిమిది కిలోలు దాటకూడదు. కింద చెమట కారుతున్నా, ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుందన్నది గుర్తుంచుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నువర ఎలియ రాత్రులు పది డిగ్రీల కంటే చల్లబడతాయి, విజయవాడ శరీరానికి అది నిజమైన చలి.

4. ఇక్కడే సాధన చేయండి

ఎండకు మనం అలవాటుపడినవారమే, లోటు ఎక్కడంలో ఉంది. గుంటూరు వారికి కొండవీడు ఘాట్ రోడ్డు, నరసరావుపేట వైపు కోటప్పకొండ దగ్గరలోనే ఉన్నాయి. విజయవాడ వారు కొండపల్లి కోటకు వెళ్లే రోడ్డును వాడుకోవచ్చు. కనీసం రెండు నెలల ముందు నుంచి వారానికి ఒకసారి, యాత్రలో మోయబోయే సామానంతా కట్టుకుని అదే ఎక్కుడును నాలుగైదు సార్లు ఎక్కి దిగాలి. ఖాళీ సైకిలుతో చేసిన సాధన సగమే ఉపయోగపడుతుంది. బయలుదేరే ముందు శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వరకు సామానుతో ఒకసారి వెళ్లి వస్తే, ఏ బ్యాగు జారుతుందో, ఏ వస్తువు అనవసరమో అక్కడే తేలిపోతుంది.

5. ప్రయాణం, పత్రాలు

చెన్నై వరకు రైలులో వెళ్లి, అక్కడి నుంచి కొలంబోకు విమానం ఎక్కడం సులువు. కొత్త సైకిళ్లు వచ్చే అట్టపెట్టెలు ఏ సైకిల్ షాపులో అడిగినా ఇస్తారు. పెడళ్లు, ముందు చక్రం విప్పి, టైర్లలో గాలి కొంత తగ్గించి, వెనుక గేరు భాగానికి మెత్తని గుడ్డ చుట్టి సర్దాలి. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచాలి. భారతీయులు ఈటీఏను, అంటే ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతిని అధికారిక వెబ్‌సైటులో ముందే తీసుకోవాలి. ప్రయాణ బీమా పత్రంలో సైకిల్ యాత్రకు వర్తిస్తుందన్న మాట స్పష్టంగా ఉందో లేదో చదివి చూసుకోండి.

6. దారిలో

ఉదయం ఆరు గంటలకే బయలుదేరి ఒంటి గంటకల్లా బసకు చేరాలి, ఎందుకంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉరుములతో కూడిన వానలు సాధారణంగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి. గట్టి వాన కురిసిన మరునాడు, కొండచరియల హెచ్చరికలు జారీ చేసే అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ ప్రకటనలు చూశాకే కదలండి. సైకిలు పాడైనా, కాలు పట్టేసినా దిగులు పడనవసరం లేదు. క్యాండీ నుంచి బదుళ్ల వెళ్లే రైలు మార్గం నాను ఓయ, హపుతలె, ఎల్ల స్టేషన్ల వద్ద మీ దారికి దగ్గరగా వస్తుంది, చిన్న వ్యాన్లు కూడా ప్రతి పట్టణంలో అద్దెకు దొరుకుతాయి.

భోజనం మనకు కొత్త కాదు: అన్నం, పప్పు, కొబ్బరి వేసిన కూరలు, ఇడియాప్పం. అయితే శాకాహారులు కొబ్బరి సంబోల్ (అక్కడి కొబ్బరి పచ్చడి) తినే ముందు అడగాలి, అందులో ఎండు చేప పొడి కలపడం అక్కడి అలవాటు. తేయాకు తోటల్లో తమిళం మాట్లాడతారు కనుక నాలుగు తమిళ మాటలు వచ్చినవారికి దారి, నీరు, టీ అన్నీ సులభమవుతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమల మందు, తడి గడ్డిలో జలగల కోసం కొంచెం ఉప్పు దగ్గర ఉంచుకోండి. కుక్క వెంటపడితే దిగి, సైకిలును మధ్యలో అడ్డు పెట్టుకుని నడవండి. కరిస్తే గాయాన్ని సబ్బు నీటితో పావుగంట కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి. అంబులెన్సుకు 1990, పోలీసులకు 119 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. అక్కడి సిమ్ కార్డును విమానాశ్రయంలోనే తీసుకుని, రెండు నంబర్లను సైకిలు ఎక్కకముందే ఫోనులో భద్రపరచుకోండి.