అనుకోని రెండో భాగం రాసే ముందు
ముగిసిందనుకున్న చారిత్రక ప్రేమ నవలకు రెండో భాగం రాయాలనిపిస్తే, మొదటి పుస్తకాన్ని పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదివి, అందులోని వయసులు, తేదీలు, బంధుత్వాలు, జవాబు రాని ఉత్తరాలు అన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి. అచ్చయిన వాక్యాన్ని ఇక మార్చలేం కదా. ఆ పక్కనే చరిత్ర కాలక్రమాన్నీ రాసుకోండి. కథ 1815 చివర ఇంగ్లండులో పెళ్లితో ముగిసిందనుకుంటే, తంబోరా అగ్నిపర్వత విస్ఫోటన ప్రభావంతో వేసవి చలిగా మారి, పంటలు దెబ్బతిని, ధాన్యం ధరలు పెరిగిన 1816 ఆ వెంటనే వస్తుంది. భూముల ఆదాయంతో బతికే కొత్త జంటకు వేరే కష్టాన్ని కల్పించనక్కర్లేదు. వాళ్లను విడదీసి మళ్లీ కలపడం మాత్రం, మొదటి ముగింపును నమ్మిన పాఠకులకు అన్యాయం. దానికి బదులు మొదటి పుస్తకంలో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయిన చెల్లెలినో స్నేహితుడినో ముందుకు తీసుకురండి.